‘బాగానే’ ఉన్న చేపల పెట్టె

బందరులో నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ మా వీధివాళ్లు నేను లోన్లు ఇప్పించే ఆఫీసులో ఉన్నాననే అనుకున్నారు. పెళ్లిళ్లలో పక్కన కూర్చుని, "మావాడు ఏదో పెడదామంటున్నాడు, మీ చేతిలో పనే కదండీ" అనేవాళ్లు. నా చేతిలో లోనూ లేదు, సబ్సిడీ లేదు. కొత్త వస్తువు చేసి అమ్ముదామని వచ్చినవాళ్లని ఆలోచన దగ్గర్నుంచి అంగడి దాకా నడిపించడం నా పని. నిజం చెప్పాలంటే నడిపించడం కన్నా ఆపడమే ఎక్కువ. "ఇప్పుడే వద్దు, ఇది తేల్చుకున్నాక వెళ్దాం" అని నేను అన్నన్నిసార్లు మా ఆవిడ కూడా అని ఉండదు.

రిటైరయ్యాక, మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఒకరోజు ఫోన్ చేశారు. "సార్, ప్రాసెస్ అంతా చదివాం, అర్థమైంది. పని మాత్రం అర్థం కావట్లేదు" అన్నారు. అబద్ధం చెప్పకుండా అడిగారు కాబట్టి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఒక్క పెట్టె సంగతి చెబుతాను. మా పనిలో తెలుసుకోవాల్సిందంతా దాదాపు అందులోనే ఉంది.

లాకులు

మా పద్ధతిలో ఒక్కో దశ చివర ఒక గేటు ఉంటుంది. ఆ దశలో తేలాల్సినవి తేలితేనే గేటు తీస్తారు, లేకపోతే అక్కడే ఆపుతారు. మొదట్లో శిక్షణ తరగతుల్లో నేనూ గేట్లనే అనేవాణ్ణి. గుడివాడ నుంచి వచ్చిన ఒకాయన లేచి, "గేటంటే రైల్వే గేటేగా అండీ? బండి వెళ్లిపోయాక వాళ్లే తీస్తారు, మనం ఊరికే కూర్చుంటే సరిపోద్ది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి నేను లాకులు అనడం మొదలుపెట్టాను.

కాలవల మధ్య పుట్టినవాళ్లకి లాకు గురించి చెప్పక్కర్లేదు. పడవలు తిరగడం మానేసి చాలా కాలమైనా, మా వైపు బస్సు దిగే చోట్ల పేర్లలో ఇంకా లాకులు మిగిలే ఉన్నాయి. పై కాలవ నీళ్లు ఎత్తుగా, కింది కాలవ నీళ్లు పల్లంగా ఉంటాయి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. లోపలి నీళ్లు ముందున్న కాలవ నీళ్లతో సమానమయ్యేదాకా ఆగుతారు. అప్పుడే ముందు తలుపులు తీస్తారు. తొందరపడి తీస్తే పడవ తిరగబడుతుంది. లోపల పెళ్లివారున్నా సరే, ముహూర్తం దాటిపోతున్నా సరే, ఆగాల్సిందే.

మా లాకుల్లో మొదటిది, ఈ ఇబ్బంది నిజంగా ఎవరికైనా ఉందా అన్నది. ఆ తర్వాత, దానికి తగిన వస్తువు మనం చేయగలమా, చేస్తే జనం పెట్టగలిగిన ధరలో చేయగలమా అన్నది. మూడో లాకు దగ్గర నమూనాలు చేసి, వాడేవాళ్ల చేతికిచ్చి చూస్తాం. అది దాటితే అచ్చు చేయించి తయారీకి దిగడమే, ఆ తర్వాత అమ్మకం. ప్లాస్టిక్ వస్తువుకి అచ్చే ప్రాణం. దాన్నే మోల్డు అంటారు. దానికి అయ్యే ఖర్చు మిగతా ఖర్చులన్నిటినీ మింగేస్తుంది. అది తప్పుగా వచ్చిందంటే అందులోంచి పుట్టే ప్రతి వస్తువూ తప్పుగానే పుడుతుంది. అందుకే మూడో లాకు దగ్గర నేను గొడ్డలిపెట్టులా ఉంటానని మావాళ్లు చాటుగా అనుకునేవాళ్లు. ఆ మాట నాకు చేరింది. నేనేమీ బాధపడలేదు.

దిగని బస్సు

ఆ పెట్టె ఆలోచన తెచ్చిన కృపావతి మా ఆఫీసుకి వచ్చేటప్పటికే విజయవాడలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో సూపర్వైజరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. ఆ మాటకే నాకు కొంచెం కోపం వచ్చింది. ఉద్యోగం మానేసి సలహా అడగడానికి రాకూడదు, సలహా అడిగి మానేయాలి. ఆమెది నాగాయలంక. తల్లి మరియమ్మ చేపలమ్ముతుంది. రేవులో చేపలు కొని, తట్టలో పెట్టుకుని, బస్సులో చల్లపల్లి వచ్చి వీధులు తిరిగి అమ్ముకునేది. ఇప్పటికీ అమ్ముతోంది. చేపలు పాడవకుండా, నీళ్లు కారకుండా, బస్సులో సీటు కింద పట్టే పెట్టె ఒకటి చేయాలని కృపావతి ఆలోచన.

"ఈ ఇబ్బంది ఎవరిదమ్మా?" అని అడిగాను. అందరినీ మొదట అడిగేది అదే.

"మా అమ్మదండి" అంది. తర్వాత తనే, "నాది కూడా" అంది.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. బస్సులో ముందు సీట్లో స్నేహితురాళ్లతో కూర్చుంది. వెనక తలుపులోంచి తల్లి తట్టతో ఎక్కింది. తట్టలోంచి చేపల నీళ్లు కారి ఎవరిదో పట్టుచీర అంచు తడిసింది. గొడవైంది. మోపిదేవి దాటాక కండక్టరు బస్సాపి మరియమ్మని తట్టతో సహా ఎండలో రోడ్డు మీద దింపేశాడు.

"మరి నువ్వు?" అన్నాను.

"నేను దిగలేదు సార్."

ఆమే చెప్పింది. "అమ్మ చూసింది. బస్సు కదిలేదాకా నా వైపే చూసింది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం పెట్టింది. ఆ మాట ఎత్తలేదు. ఇప్పటిదాకా ఎత్తలేదు."

ఇలాంటి కారణంతో వచ్చేవాళ్లు మధ్యలో వదిలిపెట్టి పారిపోరు. అది మంచిది. అయితే వస్తువుకి వంక పెడితే కన్నతల్లిని అన్నట్టు విలవిల్లాడిపోతారు. అది ప్రమాదం. కృపావతిలో ఈ రెండూ కనిపించాయి. అచ్చుకి డబ్బెక్కడిదని అడిగితే, ఇల్లు కట్టుకుందామని మరియమ్మ చేపల మీద కూడబెట్టి కొనుక్కున్న స్థలం అమ్ముతామంది. మరియమ్మ ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంది. పెట్టె తప్పైతే ఆ స్థలం పోతుంది. ఆ సంగతి విన్న రోజునుంచీ ఆమె ఫైలు ముట్టుకుంటే నాకు కొంచెం భయం వేసేది.

ప్రార్థన చేసిన పెట్టె

మొదటి రెండు లాకులూ తేలిగ్గా దాటాం. ఇబ్బంది నిజం, పెట్టె చేయడం సాధ్యం. గుడివాడలో ఫైబరు పనిచేసే రంగారావు షెడ్డులో చేత్తో నమూనాలు చేయించాం. రంగారావు మంచి పనివాడు, నోరు మాత్రం ఊరుకోదు. పెట్టె తెల్లగా, దళసరి గోడలతో, మూత చుట్టూ రబ్బరు పట్టీతో ఒక్క చుక్క కారకుండా వచ్చింది. మూత మీద కృపావతి నీలం రంగు స్టిక్కరు వేయించింది. పెద్ద అక్షరాలతో ‘ఐసు పెట్టె’ అని, పక్కన పెంగ్విన్ బొమ్మ.

"ఈ పిట్ట కృష్ణాజిల్లాలో ఏ రేవులో దొరుకుద్దమ్మా?" అన్నాడు రంగారావు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే అసలు సంగతి ఉందని ఎవరికీ తట్టలేదు.

మా పరీక్షలన్నీ నెగ్గింది. ఐసు నింపి ఎండలో డాబా మీద పెడితే సాయంత్రానికీ ఐసు మిగిలింది. ఆటోలో అడ్డంగా పడేసి గుంతల రోడ్డు మీద తిప్పినా కారలేదు. ఇక వాడేవాళ్ల చేతికివ్వాలి. కృపావతి ఆ పెట్టెలన్నీ నాగాయలంక తీసుకెళ్లింది. ఆదివారం ఆరాధనయ్యాక చర్చి ముందు వరసగా పెట్టించింది. పాస్టరుగారు ఒక్కో పెట్టె మీద చెయ్యి ఉంచి, "ప్రభువా, ఈ బిడ్డ చేతి కష్టాన్ని దీవించు" అని ప్రార్థన చేశారు. మేమంతా తల వంచి ఆమెన్ అన్నాం. తర్వాత మరియమ్మకీ, ఆమెతో పాటు చేపలమ్మే ఆడవాళ్లకీ తలా ఒకటిచ్చారు. అందరికీ భోజనాలు పెట్టారు.

నెల్లాళ్లు వాడి చూడమన్నాం. మావాళ్లు వారం వారం వెళ్లి అడిగేవాళ్లు. అందరూ బాగానే ఉందన్నారు. నెల తిరిగాక పెట్టెలు తిరిగి తీసుకోవడానికి కృపావతితో నేనూ వెళ్లాను. ఆడవాళ్లు పెట్టెలన్నీ తోమి, ఎండలో ఆరబెట్టి, గుడ్డతో తుడిచి మరీ అప్పగించారు. మరియమ్మ మాకు రొయ్యలకూర వండి పెట్టింది.

"పెట్టె ఎలా ఉందండీ?" అని ఆమెని అడిగాను.

"బాగానే ఉంది బాబుగారూ. మా అమ్మాయి చేసింది కదండీ, బాగోకుండా ఎట్టా ఉంటది?"

కృపావతి ముఖం వెలిగిపోయింది. నేను ఇంకో రెండు రొయ్యలు వేయించుకున్నాను.

కారణం తీసుకురా

తిరిగొచ్చాక ఒక పెట్టె మూత తీసి లోపల తలపెట్టి వాసన చూశాను. సబ్బు వాసన వచ్చింది. రబ్బరు పట్టీ కింది గాడిలో వేలు పెట్టి గీరాను. పొలుసు ముక్క ఒక్కటి రాలేదు. మా ఇంట్లో వారానికోసారి చేపలు కడిగే సింకు పక్కన కూడా పొలుసులు దొరుకుతాయి. నెల్లాళ్లు చేపలు మోసిన పెట్టెలో దొరకలేదు. మిగతావీ చూశాను, అన్నీ అంతే.

మా డైరెక్టరుగారికి చెబితే ఆయన విసుక్కున్నారు. విజయవాడ నుంచి పెద్దవాళ్లు వచ్చే ప్రదర్శన ఒకటుంది, అందులో ఈ పెట్టె పెట్టాలని ఆయన ఆశ. అప్పటికి అచ్చు పని మొదలవ్వాలి.

"అందరూ బాగుందన్నారు. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఒక్కరూ తిట్టలేదు సార్."

"తిట్టలేదని ఆపుతావా?"

ఆయన చెడ్డవాడేం కాదు. ఊరికే ఆగడం ఆయనకి చేతకాదు, అంతే. కాకపోతే ఆ రోజు ఆయనన్న ఒక మాట మీరూ గుర్తుపెట్టుకోండి. "వారం ఇస్తున్నాను. కారణం తీసుకురా. నీ అనుమానం వద్దు, కారణం కావాలి." నేను చూసిన పై అధికారుల్లో చాలామంది అనుమానానికే ఆపేసేవాళ్లు, లేదా కారణం చూపించినా ఆపేవాళ్లు కాదు. ఈయన రెండూ కాదు. అందుకే ఆయన మీద ఎంత విసుగున్నా గౌరవం పోలేదు.

ఐసు

ఆ ఆదివారం మా ఆవిడ సంచి చేతికిస్తూ, "పండుగప్ప దొరికితే తీసుకురండి. ఐసు చేప మాత్రం తేకండి" అంది. ప్రతి ఆదివారం చెప్పే మాటే. బందరు చేపల బజారులో మొదట ఒకావిడ థర్మోకోల్ పెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. "ఐసు చేపేనా?" అన్నాను. "పొద్దున్నే దిగిందండీ, ఇటు చూడండి..." అంటూ ఆవిడ మూత తీయబోతోంది. నేను అప్పటికే ముందుకెళ్లిపోయాను. ఇంకొకావిడ తట్ట మీద తడి గోనెపట్టా ఎత్తి చూపించింది. అక్కడ కొన్నాను.

సగం దారి వచ్చాక స్కూటరు ఆపేశాను. ఐసు చేపేనా అని నేనే అడిగాను. మూత తీసేదాకా కూడా ఆగలేదు. మా జిల్లాలో ఐసు చేప అంటే నిలవ చేప అని అర్థం. దూరం వెళ్లే బోట్లన్నీ ఐసు నింపుకునే వెళ్తాయి. నా సంచిలో ఉన్నది కూడా ఐసులోంచి దిగిందే అయ్యుంటుంది. అయినా ఆ మాట వింటే చాలు, చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. అలాంటి ఊళ్లలో మేము మూత మీద పెద్ద అక్షరాలతో ‘ఐసు పెట్టె’ అని రాసి, ఆ మూత బిగించి, వీధిలోకి పంపించాం.

మర్నాడు కృపావతికి చెప్పకుండా చల్లపల్లి వెళ్లాను. మరియమ్మ ఒక వీధి మొదట్లో పాత అల్యూమినియం తట్టతో కూర్చుని ఉంది. నన్ను చూసి కంగారుపడింది.

"మళ్లీ వచ్చారేంటి బాబుగారూ? పెట్టెలన్నీ ఇచ్చేశాం కదండీ."

"పెట్టె గురించి రాలేదండీ, చేపలు కొందామని వచ్చాను. ఏంటివి, ఐసు చేపలా?"

ఆమె ముఖం మారిపోయింది. "ఐసు చేపలమ్మేదాన్లా కనపడుతున్నానా నేను? ఈ వీధిలో ఎవర్నైనా అడగండి మరియమ్మ చేప ఎట్టాంటిదో" అంది. అని, నా వైపు చూసి, నేనేమడిగానో అర్థమై చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు.

"మూత తీసేలోపే వెళ్లిపోతారండీ" అంది నెమ్మదిగా. "రెండ్రోజులు చూశాను. ఆ పిట్టబొమ్మ చూసి పిల్లలు మాత్రం పరిగెత్తుకుంటా వచ్చారు, ఐస్‌క్రీమ్ ఐస్‌క్రీమ్ అని. చేపలని చెబితే ఒక పిల్లాడు ఏడిచాడు కూడా. మూడో రోజు నుంచి తట్టే."

"మరి అమ్మాయితో చెప్పొచ్చు కదండీ?"

"ఎట్టా చెప్పను? పాస్టరుగారు ప్రార్థన చేశారాయె. అందరికీ భోజనాలు పెట్టిందాయె. దాని మొహం చూసి బాగోలేదని ఎట్టా అంటాం?"

"చెప్పకపోతే మీ స్థలం పోతుంది. తెలుసా?"

"తెలుసండీ" అంది మరియమ్మ. "స్థలం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పిల్ల మనసు విరిగితే ఏం పెట్టి కొంటాం?"

ఏమీ కొనకుండా రావడం బాగుండదని కానాగంత చేపలు కొనుక్కుని బస్సెక్కాను.

ఒక్క అక్షరం

కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. మన వైపు జనం ఎదుటివాళ్ల కష్టాన్ని ముఖం మీద బాగోలేదనరు. అండీ అనీ గారూ అనీ పెరిగిన నోరు అలా తిరగదు. అంతమాత్రాన అబద్ధం కూడా చెప్పరు. నిజాన్ని ఎక్కడో ఒక అక్షరంలో దాచిపెట్టి చేతికిస్తారు, దొరకబుచ్చుకోవడం మన పని. బాగుంది అంటే బాగుంది. బాగానే ఉంది అంటే వాడట్లేదు. పర్లేదండీ అంటే పర్వా ఉంది. చూద్దాంలెండి అంటే ఇంక చూడరు. మీరు చేశాక బాగోకుండా ఉంటుందా అన్నారంటే పెట్టె మూలన పడి ఉన్నట్టే. మావాళ్లు నెల్లాళ్లు ‘బాగానే ఉంది’ విని, ఆఫీసుకొచ్చి ‘బాగుంది’ అని చెప్పారు. వాళ్లందరూ తెలుగు పిల్లలే. ఇంట్లో కూర రుచి చూసి వాళ్ల అమ్మ ‘బాగానే ఉంది’ అంటే ఉప్పు తగ్గిందని వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఆఫీసు పని మీద వెళ్లేసరికి ఆ చెవి ఇంట్లో వదిలేసి వెళ్లారు.

వాళ్లు నిజం చెప్పకుండా ఉండడానికి మేమూ చేయగలిగినంత చేశాం. పెట్టె ఇచ్చింది కూతురు, పుచ్చుకున్నది తల్లి, తల్లి స్నేహితులు. దాని మీద ప్రార్థన చేయించి, భోజనం పెట్టి, అప్పుడు ఎలా ఉందో నిర్మొహమాటంగా చెప్పండి అన్నాం. ఇది మతం సంగతి కాదు. మా గుడివాడ వైపు ఒకాయన కొత్త యంత్రానికి కొబ్బరికాయ కొట్టించి, బంధువులందరికీ గారెలు పెట్టి పరీక్షకిచ్చాడు. అక్కడా అంతే జరిగింది. దీవెనలు అమ్మకాల రోజున తీసుకోండి, పరీక్ష రోజున వద్దు.

కారణం విని డైరెక్టరుగారు ఆపడానికి ఒప్పుకున్నారు. కృపావతికి చెప్పడం మాత్రం నా ఉద్యోగంలో కష్టమైన పనుల్లో ఒకటి.

"మా అమ్మ బాగుందంది కదా సార్" అంది.

"అనలేదమ్మా. బాగానే ఉంది అంది."

ఆమె ముఖం ఎర్రబడింది. "మీకు మొదట్నుంచీ ఆపాలనే ఉంది. ఇంకెక్కడైనా చూసుకుంటాను" అని లేచి వెళ్లిపోయింది. నేను వెనకాల వెళ్లలేదు. వెళ్లాల్సిందని మా ఆవిడ అంటుంది. కోపం చల్లారేదాకా ఎవరూ ఏమీ వినరని నా నమ్మకం. కానీ ఆ రోజుల్లో ఆమె నిజంగానే ఇంకెక్కడికైనా వెళ్లి అచ్చు చేయిస్తుందేమోనని నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

కొన్నాళ్లకి వచ్చింది. చేతిలో మరియమ్మ అల్యూమినియం తట్ట. తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గదంతా చేపల వాసన.

"దీన్నుంచి మొదలుపెడదాం సార్" అంది.

తిట్లు

మళ్లీ రెండో లాకు దగ్గరికి వెనక్కి వెళ్లాం. ఈ పద్ధతిలో వెనక్కి వెళ్లడం ఓటమి కాదు. అచ్చు చేయించాక వెనక్కి రాలేకపోవడమే ఓటమి. కొత్త పెట్టెలో చేపలు పైన వెడల్పాటి పళ్లెంలో, తట్టలో ఉన్నట్టే విప్పుగా కనిపిస్తాయి. ఐసు దాని కింది అరలో ఉంటుంది. కరిగిన నీళ్లు అడుగునకి చేరతాయి, బిరడా తీసి పారబోసుకోవచ్చు. మూత బస్సులో ఉన్నంతసేపే. వీధిలోకి రాగానే తీసి పక్కన పెట్టుకోవడమే. స్టిక్కరు లేదు, పేరు లేదు, పెంగ్విన్ లేదు. రంగారావు, "పాపం, పిట్ట ఎగిరిపోయిందా?" అని పరామర్శించాడు.

పేరు లేకపోవడం మీద డైరెక్టరుగారితో చిన్న గొడవైంది. దాని మీద ‘తాజా చేపలు’ అని రాయిద్దామన్నారాయన. నేను ఒప్పుకోలేదు. పెట్టె లోపల ఏ చేప ఉంటుందో మనకి తెలియదు, తెలియనిది అచ్చులో పోసి శాశ్వతం చేయకూడదు. కొనేవాళ్లు అడిగితే అమ్మేవాళ్లే చెప్పుకుంటారన్నాను. మరియమ్మ ఎలా చెప్పుకుందో తర్వాత నా చెవులతో విన్నాను. "ఐసు చేపా?" అని ఒకావిడ అడిగితే, "ఐసు మీద తెచ్చానమ్మా, ఐసులో వెయ్యలేదు. మొప్ప ఎత్తి చూసుకో" అంది. ‘మీద’కీ ‘లో’కీ ఉన్న తేడా మా ఇంజనీర్లెవరికీ తట్టలేదు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఈసారి పెట్టెలు చర్చికి వెళ్లలేదు. కృపావతి ముఖం తెలియనివాళ్లకి, బందరు రేవు దగ్గరా అవనిగడ్డలోనూ చేపలమ్మేవాళ్లకి, ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా చేత ఇప్పించాం. ఎవరు చేశారో చెప్పొద్దన్నాం. మరియమ్మకి కూడా ఒకటి వెళ్లింది. అయితే ఆ నెల్లాళ్లూ కృపావతి నాగాయలంక వెళ్లకూడదని షరతు పెట్టాను. ఆమె ఒప్పుకుంది కానీ రోజూ ఫోన్ చేసి నన్ను తినేసింది.

మొదటి వారం నుంచే తిట్లు మొదలయ్యాయి. పిడి చెయ్యి కోస్తోందని ఒకావిడ, బిరడా తీయడానికి మగాణ్ణి పిలవాల్సి వస్తోందని ఇంకొకావిడ. తెల్ల పళ్లెం మీద నెత్తురు మరక కొట్టొచ్చినట్టు కనపడుతోంది, ఎవడు చేశాడీ పెట్టె, వాడెప్పుడైనా చేప ముట్టుకున్నాడా అని అవనిగడ్డలో ఒకావిడ, ఎలా ఉందో అడగడానికి వెళ్లిన మా ఆఫీసు మనిషిని నిలదీసింది. కృపావతి అది విని చిన్నబుచ్చుకుంది. నేను మాత్రం ఆ రోజు ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాను. వాడేవాళ్లే తిడతారు. వాడనివాళ్లకి మర్యాద ఎక్కువ. పిడి మార్చాం, బిరడా మార్చాం, పళ్లెం ముదురు ఆకుపచ్చ చేశాం. మార్చిన పెట్టెలు మళ్లీ వాళ్లకే ఇచ్చి ఇంకో నెల వాడమన్నాం.

తిరిగివ్వని పెట్టె

ఆ నెల కూడా అయింది. పెట్టెలు వెనక్కి తీసుకుని, విప్పి చూసి, అప్పుడు మూడో లాకు తీయాలా వద్దా తేల్చాలి. బందరు రేవులో అడిగితే ఒకావిడ పెట్టె పోయిందంది. ఇంకొకావిడది చెల్లెలింట్లో ఉందట, చెల్లెలు ఊళ్లో లేదట. అవనిగడ్డావిడ, ఆ నిలదీసినావిడే, "మళ్లీ ఇవ్వాలని ముందు ఎవడు చెప్పాడు?" అని మా మనిషి మీదికొచ్చింది. ముందే చెప్పాం. ఆవిడకీ తెలుసు. సాయంత్రానికి ఒక్క పెట్టె కూడా మా చేతికి రాలేదు.

చివరికి కృపావతినీ తీసుకుని నాగాయలంక వెళ్లాను. మరియమ్మ అప్పుడే చల్లపల్లి నుంచి వచ్చి గుమ్మం ముందు కూర్చుని ఉంది. వంట చేయలేదు, కాఫీ తాగుతారా అని అడగలేదు. మమ్మల్ని చూడగానే పెట్టెని కాలితో వెనక్కి జరిపి, మూత వేసి, దాని మీద కూర్చుంది. మూత పడేలోపే చూశాను, ఆకుపచ్చ పళ్లెం అంచున పొలుసులు అతుక్కుని ఉన్నాయి. వాసన వీధి దాకా కొడుతోంది.

"మరియమ్మగారూ, పెట్టె తీసుకెళ్లాలండీ" అన్నాను. "ఒకసారి విప్పి చూసుకోవాలి."

"ఇవ్వనండీ" అంది. అన్నాళ్ల పరిచయంలో ఆమె నాతో ఒక మాట అలా తెగ్గొట్టి అనడం అదే మొదటిసారి.

కృపావతి తల్లి ముందు గొంతుక్కూర్చుంది. "అమ్మా, నిజం చెప్పు. బాగుందా?"

"బాగుందో లేదో నాకు తెలీదే. పిడి ఇంకా గుచ్చుకుంటానే ఉంది, ఆ రంగారావుకి చెప్పు. రేపు పొద్దున్న నేను చేపలకెళ్లాలి, ఇది లేకుండా ఎట్టా వెళ్లను?" అంది మరియమ్మ. అని కూతురి వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "ఇన్నాళ్లలో నన్నెవరూ బస్సు దింపలేదే అమ్మాయ్."

కృపావతి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. మరియమ్మ పెట్టె మీద నుంచి లేవకుండానే ఆమె జుట్టు సవరిస్తూ కూర్చుంది.

నేను వీధిలోకొచ్చి డైరెక్టరుగారికి ఫోన్ చేశాను. కారణం దొరికింది సార్, అచ్చు చేయించుకోవచ్చు అన్నాను.